ఏడో నంబరు కింద కత్తెర షాపు

ఏప్రిల్ 3

ఒరేయ్ తమ్ముడూ,

ఎలా ఉన్నావని అడగను. నెల జీతం వచ్చేవాడు బాగానే ఉంటాడు. మరదలికి దగ్గు తగ్గిందో లేదో మాత్రం రాయి, ఆవిడ మీద నాకేం కోపం లేదు.

షాపు మూసి నేటికి ఇరవై మూడు రోజులు. మునిసిపాలిటీ వాళ్ళొచ్చి తలుపు మీద ఎర్ర కాగితం అంటించి, తాళానికి సీలు వేసి పోయారు. నేను గొడవ చెయ్యలేదు. వీధి చివర బేకరీ ఆయన ఊళ్ళో పాకుతున్న ఈ జ్వరంతోనే ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళి, తిరిగి రాలేదు. అలాంటప్పుడు మూసుకోమంటే మూసుకోవాలి. నేను మొండిదాన్నే గానీ మూర్ఖురాల్ని కాను.

కానీ ఆ ఎర్ర కాగితం నువ్వు చదివావా? "వరుస నంబరు ఏడు: ఆవిరి స్నానశాలలు, వేడినీటి కొలనులు, మర్దన కేంద్రాలు, క్షౌరశాలలు." ఆవిరి స్నానాలకీ నాకూ ఏమిటిరా చుట్టరికం? అక్కడ ముప్పై మంది గోచీలు పెట్టుకుని మూసిన గదిలో చెమటలు కారుస్తూ కూర్చుంటారు. నా దగ్గర ఒక్క మనిషి మెడ దాకా గుడ్డ కప్పుకుని, వీధి కనిపించేలా కూర్చుంటాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమంటే విన్నాను గానీ, ఆ ముడి మన షాపుకే పడుతుందనుకోలేదు.

ఇదిలా ఉండగా మొన్న రెండో ఉత్తర్వు వచ్చింది. నాలుగో నంబరు వాళ్ళు తెరుచుకోవచ్చట. నాలుగో నంబరంటే పశువుల దాణా, పశువుల మందులు, పెంపుడు జంతువుల సంరక్షణ. దాంతో మన షాపుకి ఎదురుగా కుక్కల బొచ్చు కత్తిరించే ఆవిడ దర్జాగా తలుపు తీసింది. ఆవిడ మంచిదే, ఆవిడ తప్పేం లేదు. కానీ ఇప్పుడు మా వీధిలో కుక్కలు పెళ్ళికొడుకుల్లా నడుస్తున్నాయి, వాటి గొలుసు పట్టుకున్నవాళ్ళు ఎలుగుబంట్లలా నడుస్తున్నారు. పోస్టుమాస్టరు గారు నిన్న ఆవిడ దగ్గరికెళ్ళి, తానూ పెంపుడు జంతువునే, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి అన్నారట.

బస్సులు ఆగిపోయాయి కాబట్టి మీ బావ ఇంట్లోనే ఉంటున్నారు. డ్రైవరు మనిషి, ఊరికే కూర్చుంటే కాళ్ళు లాగుతాయి. నాకేమో చేతులు లాగుతాయి. ఆయన జుట్టు ఇప్పటికి నాలుగుసార్లు కత్తిరించాను. అయిదోసారి దువ్వెన తీస్తుంటే స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు.

నువ్వు ఆరోగ్యశాఖలో పంతొమ్మిదేళ్ళుగా టైపు కొడుతున్నావు. ఆ ఏడో నంబరు రాసిన మహానుభావుడు ఎవరో కనుక్కుని రాయి. నాకు పేరు చాలు, మిగతా సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
చేతిలో పని లేని మీ అక్క

*

ఏప్రిల్ 12

విషయం: షాపు మూసివేత.
సూచిక: మూడో తారీఖు నాటి నీ ఉత్తరం.

గౌరవనీయురాలైన అక్కకు,

మీ మరదలికి దగ్గు తగ్గింది. నిన్ను అడిగినట్లు రాయమంది.

ఉత్తర్వులనేవి ఎవరో ఒక్కరు కూర్చుని రాసేవి కావక్కా. వాటి వెనక నిపుణులుంటారు, కమిటీ ఉంటుంది, ఎన్నో చేతులు మారి వస్తాయి. ఫలానావాడు రాశాడని చెప్పడం సాధ్యం కాదు. చెప్పినా ఉపయోగం లేదు. నువ్వు నిబంధనలు పాటించు. నీలాంటివాళ్ళు నిబంధనలు పాటిస్తేనే ఈ జ్వరం తగ్గుతుంది. ఎవరేమన్నా సరే, నిబంధనలు పాటించు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మా ఆఫీసరుగారు రోజుకి రెండు వందల కాగితాల మీద సంతకం పెడుతున్నారు. ఆయన్ని ఆఫీసులో అందరం చాటుగా పెద్ద సంతకం అంటాం. ముందు చదివేవారట, నేను చేరకముందు. నా జుట్టు నేనే కాగితాల కత్తెరతో కత్తిరించుకున్నాను. ఏదైనా ప్రమాదం జరిగిందా అని అందరూ పరామర్శించారు.

ఒక్క మాట. ఏం చేసినా కోర్టుల జోలికి మాత్రం వెళ్ళకు. అక్కడ అనవసరంగా లోతుకి వెళతారు.

భవదీయుడు,
నీ తమ్ముడు

*

మే 9

ఒరేయ్ విషయం సూచికా,

కోర్టు జోలికి వెళ్ళకు అని రాశావు. ఒట్టు, అప్పటిదాకా నాకా ఆలోచనే లేదు. నీ ఉత్తరం చదివాకే, అరె, ఇదొకటుంది కదా అని తట్టింది. పిటిషను వేశాను. నీకు పుణ్యం ఉంటుంది.

నిబంధనలు పాటించు అని మూడుసార్లు ఎందుకు రాశావురా? దొంగచాటుగా కత్తిరిస్తున్నానని అనుమానమా? మొన్న దర్జీ వచ్చి మా వంటింటి కిటికీలోంచి తల లోపలికి పెట్టి, శరీరం బయటే ఉంది కాబట్టి ఇది షాపు కిందికి రాదన్నాడు. నేను కత్తెర ముట్టుకోలేదు. ఆ తల ఊచల మధ్య ఇరుక్కుంటే సబ్బు రాసి బయటికి తోశాను, అంతే. ఆ మాత్రం నమ్మకం కూడా లేదా నీ అక్క మీద?

నాన్న రోజుల నుంచి మన షాపుకి వచ్చే లాయరు గుర్తున్నారా, బట్టతలాయన? నెత్తిన ఒక్క వెంట్రుక లేదు, పేపరు చదవడానికి వస్తారు. ఆయన్నే పెట్టుకున్నాను. కటింగ్ షాపు కోసం వాదిస్తే ఇందులో ఆయన స్వార్థం ఉందని ఎవడూ అనలేడు.

మొదటి వాయిదా అయింది. కోర్టు గదిలో కిటికీలన్నీ తెరిచి, మనిషికీ మనిషికీ మధ్య రెండేసి కుర్చీలు వదిలారు. జడ్జిగారి జుట్టు చెవుల మీద పడుతోంది. ప్రభుత్వ లాయరుది కాలరు దాటింది, వెనక పిచ్చుక గూడు కట్టొచ్చు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడానికి నేను పడ్డ అవస్థ నాకు తెలుసు.

మా లాయరు చెప్పిందేమిటంటే, ఇలాంటి కేసుల్లో జబ్బుకి మందేమిటని కోర్టు చూడదట. ప్రభుత్వానికి మూసే అధికారం ఉందా, ఆ మూయడానికీ జబ్బుకీ సంబంధం ఉందా, ఇంతకంటే తేలిక దారి ఏదైనా ఆలోచించారా, ఒకలాంటివాళ్ళని ఒకలాగే చూశారా, ఎంతకాలమని, ఇవే చూస్తుందట. కుక్కల కత్తెరకి లేని జ్వరం నా కత్తెరకి ఎలా వచ్చిందని ఆయన అడిగారు. బాగా అడిగారు.

జడ్జిగారు స్టే ఇవ్వలేదు. ఇల్లు కాలుతుంటే నీళ్ళు ఇటెందుకు పోశావు, అటెందుకు పోశావని అడిగే పని కోర్టుది కాదు, ఇప్పుడు ఇల్లు కాలుతోంది అన్నారు. నాకు కోపం వచ్చింది గానీ, బేకరీ ఆయన గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అయితే ఊరికే పంపలేదు. ఈ కత్తెరని ఆవిరి స్నానాల్లో ఎవరు కలిపారో, ఏం ఆలోచించి కలిపారో నెలరోజుల్లో రాసివ్వమని సర్కారుకి చెప్పారు.

ఎవరో ఆ మహానుభావుడు, వాడి ముచ్చట ఇప్పుడు తీరుతుంది.

ఇట్లు,
పిటిషనరు (అంటే మీ అక్క)

*

జూన్ 2

విషయం: పిటిషను వెనక్కి తీసుకోవడం.
సూచిక: నా ఆరోగ్యం.

అక్కకు,

నీ కేసు కాగితాలు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చాయి. జవాబు టైపు చెయ్యాల్సింది నేనే. పిటిషనరు మా అక్కేనండీ, ఇంకెవరికైనా ఇవ్వండి అని చెబుదామని రెండుసార్లు పెద్ద సంతకం గది దాకా వెళ్ళాను. మొదటిసారి ఫ్యాను బాగా తిరుగుతోందని చెప్పి వచ్చేశాను. రెండోసారి చెప్పాను. ఆయన తల ఎత్తకుండా, ఉత్తర్వు నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసయ్యా, నువ్వే కొట్టు అన్నారు.

నిన్ను చేతులు పట్టుకుని అడుగుతున్నాను, వెనక్కి తీసుకో. ఎందుకని అడగకు. నీ మాట నెగ్గితే ఒక అమాయకుడి కుటుంబం వీధిన పడుతుంది. ఇంతకంటే కాగితం మీద పెట్టలేను. అన్నం సహించడం లేదు. రాత్రి నిద్రలో మీ మరదలిని "మై లార్డ్" అన్నానట.

నీ తమ్ముడు

*

జూన్ 16

ఏరా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆలోచించాను, ఎవరా అమాయకుడి కుటుంబమని. ఎదురింటి కుక్కల ఆవిడ మొగుడి గురించేమో అనుకుని, ఆవిడ దగ్గరికెళ్ళి, నీ షాపు మూయించమని నేను అడగలేదమ్మా, నాది తెరవమనే అడిగాను, మా తమ్ముడు మీ గురించి బెంగపెట్టుకున్నాడు అని చెప్పొచ్చాను. ఆవిడ తెల్లబోయింది. మీ తమ్ముడికి నేనెలా తెలుసు అని ఆవిడా, మా ఆవిడ మీ తమ్ముడికెలా తెలుసు అని ఆవిడ మొగుడూ. ఇప్పుడు ఆ ఇంట్లో మాటల్లేవు. అది నీ చలవ.

నిన్న సర్కారు జవాబు మా లాయరు చేతికొచ్చింది. "నిపుణుల కమిటీ అన్ని అంశాలనూ కూలంకషంగా పరిశీలించిన మీదట" అని మొదలైంది. ఆ ముక్క చూడగానే నాకు అర్థమైపోయింది. ఏడో తరగతిలో ఆవు మీద వ్యాసం రాయమంటే, "ఆవును కూలంకషంగా పరిశీలించగా నాలుగు కాళ్ళున్నట్లు తెలియవచ్చింది" అని రాసినవాడివి నువ్వు. రెండు పేజీల్లో ఆరుసార్లు ఉంది. నా మీద సర్కారు వేసిన జవాబు నా తమ్ముడే రాశాడు. కొట్టమన్నారు, కొట్టావు. పిటిషనరు మా అక్క అని చెప్పినా ఊరుకోలేదన్నావు, సరే. కానీ అంత బాగా కొట్టాలా? సెప్టెంబరులో సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అవుతుందని నువ్వే కదా సంక్రాంతికి చూసినట్టు ఏడాది నుంచి ఎదురు చూస్తున్నావు. ఇప్పుడు తెలిసింది ఆ అమాయకుడెవరో, వాడి కుటుంబమేదో. ఇంటి గుట్టు లంకకి చేటని ఊరికే అనలేదు.

చెప్పాల్సింది చెప్పేస్తాను, ఆ తరవాత నువ్వు రాసినా సరే, రాయకపోయినా సరే. నేను కోర్టుకెక్కింది గెలవాలని కాదు. డాక్టర్లు ముగ్గురు కూర్చుని, ఈవిడ పని ఇది, ఇంత దగ్గరగా నిలబడుతుంది, ఇంతసేపు పడుతుంది, ఇది ప్రమాదం అని నా గురించి ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడుకుని మూశారనుకో, ఏడాదైనా మూసుకుని కూర్చుంటాను. నాన్న మీద ఒట్టు. నాన్న పెట్టిన షాపు అది, ముప్పై ఏళ్ళు నిలబడి నా కాళ్ళు వాచిన చోటు. దాని గురించి ఎవరైనా ఆలోచించారా లేదా? నువ్వు ఆ గదిలో ఉన్నావు. నీకు తెలుసు. అవునో కాదో ఒక్క మాట రాయి.

అక్క

*

జూన్ 23

అక్కా,

లేదు. ఎవరూ ఆలోచించలేదు.

ఆ ఏడో నంబరు రాసింది నేనే.

మార్చి పదో తారీఖు సాయంత్రం నాలుగున్నరకి పెద్ద సంతకం వచ్చి, మూయాల్సిన వ్యాపారాల జాబితా ఆరింటికల్లా మంత్రిగారి బల్ల మీద ఉండాలన్నారు. ఏయే వ్యాపారాలు సార్ అన్నాను. జనం దగ్గరదగ్గరగా చేరేవన్నీ వెయ్యవయ్యా అని వెళ్ళిపోయారు. ఊళ్ళో ఎన్ని రకాల వ్యాపారాలున్నాయో నాకేం తెలుసు? బీరువాలోంచి లైసెన్సుల రిజిస్టరు తీశాను. అందులో అన్నీ వరుసగా, వర్గాల వారీగా ఉంటాయి. ఆ వరుసలే టైపు కొట్టాను.

ఆ రిజిస్టరు ఎప్పుడో బాయిలర్లు పరీక్షించేవాళ్ళ కోసం తయారుచేసింది. నిప్పు వాడేవి ఒక వర్గం, నూనె వాడేవి ఒక వర్గం, జంతువులతో పని ఉన్నవి ఒక వర్గం, వేడినీళ్ళు వాడేవి ఒక వర్గం. గడ్డాలకి వేడినీళ్ళు కావాలి కదా, నాన్న రాగి బాయిలరు పెట్టుకునేవారు కదా. అందుకని కటింగ్ షాపులు ఆవిరి స్నానాల పక్కన ఉన్నాయి. అంతే అక్కా. నిన్ను స్నానశాలల్లో కలిపింది జ్వరం కాదు, వేడినీళ్ళు. తరవాత కమిటీ కూర్చుని పశువుల దాణా ఆపకూడదంది, నాలుగో నంబరు మొత్తం తెరిచారు, అందులో కుక్కల ఆవిడ కూడా ఉంది. కమిటీ నంబర్లు చూసింది. లోపల ఏముందో చూసినవాడు లేడు.

ఏడో నంబరు కొడుతున్నప్పుడు క్షౌరశాలలు అన్న మాట దగ్గర నా వేలు ఆగింది. అక్క షాపు కదా అనుకున్నాను. తీసేస్తే అక్క కోసం తీశాడంటారని భయపడి ఉంచేశాను. నా జీవితంలో నేను చూపించిన నిజాయితీ అది, దాని ఫలితం ఇది.

కుర్చీ కోసం రాయలేదు అక్కా. కూలంకషంగా అని కొట్టమన్నది పెద్ద సంతకం. అసలు పరిశీలించలేదని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది, పెన్షనుకి ఇంకా తొమ్మిదేళ్ళుంది. భయంతో రాశాను. అబద్ధం రాశాను. ఇది చదివి చించెయ్యి.

తమ్ముడు

(కుక్కల ఆవిడ భర్తకి నేనెప్పుడూ ఆవిణ్ణి చూడలేదని దయచేసి చెప్పు.)

*

జూలై 4

తమ్ముడూ, నాన్నా,

చించలేదు. ముందు నవ్వాను. వంటింట్లో నేల మీద కూర్చుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. మీ బావ భయపడి మంచినీళ్ళు తెచ్చారు. వేడినీళ్ళట! నాలుగు నెలలుగా ఏ డాక్టరు నా మీద పగబట్టాడో అని తిట్టుకుంటున్నాను, తీరా చూస్తే నాన్న బాయిలరు. తరవాత ఏడుపొచ్చింది. అది నీ మీద కోపంతో కాదు. ఆ సాయంత్రం నీ వేలు అక్కడ ఆగిందని రాశావు చూడు, అందుకు.

నిన్న వాయిదా. జడ్జిగారు సర్కారు జవాబు చదివి, ఈ కమిటీ ఎప్పుడు కూర్చుంది, ఎవరేమన్నారు, ఆ కాగితాలేవి అని అడిగారు. మే నెలలో ఇల్లు కాలుతోందన్నాను, ఇప్పుడు జూలై, ఆసుపత్రుల్లో పడకలు ఖాళీ అవుతున్నాయి, ఇప్పుడు అడుగుతాను అన్నారు జడ్జిగారు. పద్దెనిమిదో తారీఖుకి అసలు ఫైలు తెచ్చి చూపించమన్నారు.

బయటికొచ్చాక మా లాయరు, ఏదైనా సాక్ష్యం ఉందా తల్లీ, ఒక్క ముక్క దొరికినా చాలు అన్నారు. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. లేదండీ అన్నాను. షాపు తెరవడానికి నా తమ్ముణ్ణి బోనెక్కించాలా? ఆ తలుపు తీశాక ఏ మొహం పెట్టుకుని అద్దం ముందు నిలబడతాను? నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. ఇక నేనేం అడగను. ఫైలు నీ దగ్గరుంది, మనసూ నీ దగ్గరే ఉంది.

అన్నం తిను. మరదలిని మై లార్డ్ అనకు, అలవాటైతే కష్టం.

అక్క

*

జూలై 14

అక్కా,

మొన్న సోమవారం పెద్ద సంతకం పిలిచి, మార్చి తొమ్మిదో తారీఖు వేసి కమిటీ సమావేశం జరిగినట్టు రెండు పేజీలు కొట్టుకురమ్మన్నారు. ఎవరెవరు వచ్చారని రాయమంటారు సార్ అని అడిగాను. రాగలిగినవాళ్ళందర్నీ వెయ్యి అన్నారు.

మిషను ముందు కూర్చున్నాను. మార్చి అని కొట్టాను. తొమ్మిది అని కొట్టాను. ఇక చేతులు కదలలేదు. ఒక గంట అలాగే ఉన్నాను. పక్క సీటాయన వచ్చి పక్షవాతమేమోనని నా వేళ్ళు ఒక్కొక్కటీ లాగి చూశాడు. తరవాత ఆ కాగితం తీసి పారేసి, కొత్త కాగితం పెట్టి, నిజం కొట్టాను. ఈ జాబితా ఫలానా రోజున ఫలానా రిజిస్టరులోంచి నేను ఎత్తి రాసినది, వర్గాలు వేడినీళ్ళను బట్టి చేసినవి, రోగాన్ని బట్టి కావు, ఏడో నంబరు గురించి ఏ సమావేశంలోనూ చర్చ జరగలేదు, మా జవాబులో జరిగిందని రాసింది తప్పు, పిటిషనరు నా సొంత అక్క, ఇది కూడా తెలియజేయడమైనది అని. కింద సంతకం పెట్టాను.

ఫైలు పట్టుకెళ్ళి, సార్, ఒక్కసారి చదవండి అన్నాను. నువ్వు కొట్టావుగా అన్నారు. చదవాల్సిన కాగితం సార్, మీరు చెప్పింది కాదు నేను కొట్టింది అన్నాను. నువ్వెప్పుడూ ఇంతేనయ్యా అని పద్నాలుగు కాగితాల మీదా సంతకం పెట్టి పంపించేశారు. ఫైలు ఇప్పుడు కోర్టుకి వెళ్ళే సంచిలో ఉంది.

మీ మరదలికి ఇంకా చెప్పలేదు. భయంగా ఉంది అక్కా. కానీ నిన్న రెండు పూటలా అన్నం తిన్నాను.

తమ్ముడు

*

జూలై 21

ఒరేయ్ బంగారం,

జడ్జిగారు ఫైలు తిరగేస్తూ పోయారు. పన్నెండో కాగితం దగ్గర ఆగారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. తరవాత పైకి చదివి వినిపించారు. వేడినీళ్ళు అన్న దగ్గర గదంతా గొల్లున నవ్వింది. ప్రభుత్వ లాయరు కూడా నవ్వి, తాను ఏ పక్షమో గుర్తొచ్చి దగ్గారు.

జడ్జిగారు మాత్రం నవ్వలేదు. మార్చిలో తొందరలో రాశారు, ఆ తొందరని తప్పుపట్టను, ఆ రోజు తప్పుగానైనా రాయడమే మంచిది అన్నారు. కానీ ఏప్రిల్లో, మేలో, జూన్‌లో, జూలైలో ఇదే జాబితా పొడిగించారు, ఆ నాలుగుసార్లలో ఒక్కరైనా ఏడో నంబరు చదివారా అని అడిగారు. అప్పుడు నీ కాగితం చేత్తో ఎత్తి చూపించి, "ఈ ఫైలు మొత్తంలో ఆలోచించి రాసిన కాగితం ఇదొక్కటే" అన్నారు.

నేను ఏడ్చానురా. అందరి ముందూ ఏడ్చాను. మీ బావ చేతిరుమాలు ఇచ్చి, తనే వాడుకుని, మళ్ళీ ఇచ్చారు.

ఇక తీర్పు. ఇదిగో తెరుచుకో అనలేదు. షాపు తెరవాలా వద్దా చెప్పడానికి నేను డాక్టర్ని కాను, మూసి ఉంచేవాళ్ళు ఎందుకు మూశారో చెప్పాలని మాత్రం చెప్పగలను అన్నారు. పది రోజుల్లో కమిటీ కూర్చోవాలి, ఈ పని చేసేవాళ్ళని పిలిచి వినాలి, కారణాలు రాసివ్వాలి. లేదంటే ఏడో నంబరు మాకు వర్తించదు. గెలిచానా ఓడానా అని లాయరుని అడిగాను. ఆయన బట్టతల నిమురుకుని, రెండూ కాదు, ఇప్పుడు మొదలైంది అన్నారు. ఫీజు తీసుకోకుండా వచ్చారు కాబట్టి నేనూరుకున్నాను.

నీ సంగతి వెంటనే రాయి. ఇక్కడ నాకు ముద్ద దిగడం లేదు.

అక్క

*

జూలై 30

విషయం: నా బదిలీ. సూచిక అక్కర్లేదు.

అక్కా,

ఉద్యోగం పోలేదు, ఊపిరి పీల్చుకో. పెద్ద సంతకం మొదటిసారి నేను కొట్టిన కాగితం పూర్తిగా చదివారు, కింద తన సంతకం చూసుకున్నారు. తన సంతకం ఉన్న కాగితానికి నన్ను పీకెయ్యడం ఎలాగో ఎవరికీ తోచలేదు. లైసెన్సుల రిజిస్టరు ఉన్న గదికి పంపారు. కిటికీ లేదు. సూపరింటెండెంటు కుర్చీ నాకు రాదని నోటితో చెప్పేశారు. పక్క సీటాయనకి ఇస్తున్నారు, వేళ్ళు లాగినాయనకి.

మీ మరదలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున, ఆ కుర్చీకి ఎలాగూ ఒక కాలు పొట్టిదట కదా అంది. అన్నం ఎక్కువ వడ్డించింది.

కమిటీ నిన్ను ఆరో తారీఖున పిలుస్తుంది, కోర్టు గడువు రెండు వారాలు పెంచింది. కత్తిరించేటప్పుడు మొహానికీ మొహానికీ ఎంత దూరం ఉంటుందని అడుగుతారు. మూరెడు ఉంటే వెంటనే తెరిచేస్తారని ఇక్కడ నడవాల్లో అనుకుంటున్నారు. నేను చెప్పానని కాదు. ఊరికే రాశాను.

తమ్ముడు

*

ఆగస్టు 12

తమ్ముడూ,

కమిటీలో ముగ్గురున్నారు. పెద్ద డాక్టరమ్మ ఒకరు, గాలి ఎటు వీస్తుందో లెక్కకట్టే ఇంజనీరు ఒకరు, జబ్బుపడ్డవాళ్ళ అంకెలు చూసే కుర్రావిడ ఒకరు. కత్తెర, దువ్వెన తెమ్మన్నారు కాబట్టి తీసుకెళ్ళాను. మీ బావ కూడా వచ్చి గోడ పక్కన కూర్చున్నారు.

గంటన్నర అడిగారు. ఒక తలకి ఎంతసేపు, ఎటు నిలబడతావు, మాట్లాడతావా అని. మాట్లాడతాను, అదే కదా సగం పని అన్నాను. డాక్టరమ్మ తనే కుర్చీలో కూర్చుని, కత్తిరించకుండా కత్తిరిస్తున్నట్టు చూపించమంది. ఆవిడ చెవి వెనక దువ్వెన పెట్టాను. ఇప్పుడు నీ మొహం నాకెంత దూరంలో ఉందమ్మా అని అడిగింది. ఆవిడ వెనక మీ బావ కనిపిస్తున్నారు, మోచెయ్యి చాచి మూరెడు, మూరెడు అని చూపిస్తున్నారు. నీ ఉత్తరం కూడా గుర్తుంది. ఆ ఒక్క మాటతో ఆ సాయంత్రమే తలుపు తియ్యొచ్చు.

జానెడు అన్నాను. చెవి దగ్గర ఇంకా తక్కువే అని కూడా చెప్పాను.

నిన్న కాగితం వచ్చింది. మా ఊళ్ళో జ్వరం వార్డుల్లో ఇంకా ఇన్ని పడకలు నిండి ఉన్నాయి, పని జానెడు దూరంలో అరగంటసేపు జరుగుతుంది, కాబట్టి ఈ నెలాఖరు దాకా మూసి ఉంచాలి. ఒకటో తారీఖు నుంచి తెరవొచ్చు, ఒక్కొక్కరినే, కిటికీలు తెరిచి, గడ్డాలు మాత్రం వద్దు. ఎందుకో ప్రతి ముక్కకీ కారణం రాశారు. ఆవిరి స్నానాల నుంచి తీసేసి మనకి వేరే నంబరు ఇచ్చారు, పదకొండు. రెండుసార్లు చదివాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అదొక్కటే బాధ.

మీ బావ తలుపు తియ్యడానికి నిన్న పొద్దున్నే షాపు తాళంచెవి మేకు మీంచి తీసి జేబులో వేసుకున్నారు. ఆ కాగితం చూశాక ఒకటే సణుగుడు. మూరెడంటే నీ సొమ్మేం పోయింది, టేపు పెట్టి కొలిచారా, చేజేతులా మూయించుకున్నావు అని సాయంత్రం దాకా నా వెనకే తిరిగారు. చివరికి విసుగొచ్చి చెప్పాను.

"వాడు నిజం రాసి కుర్చీ పోగొట్టుకున్నాడు. నేను వాడి అక్కని. జానెడుని పట్టుకుని మూరెడని ఎలా చెప్పమంటారు?"

ఆయన లేచి వెళ్ళి తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించారు.

ఒకటో తారీఖు దాకా ఖాళీగా ఉండే
నీ అక్క